చెక్క విమానంలో ఎపాక్సీ ఫిల్లెట్
(బెంగళూరులో విమాన నిర్మాణం మీద ఆసక్తి ఉన్న తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే వైట్‌ఫీల్డ్ నుంచి కొందరు, కెంగేరి నుంచి కొందరు వచ్చారు. చెన్నై నుంచి కూడా ఇద్దరు వచ్చారని ఇప్పుడే చెప్పారు. చాలా సంతోషం.

ఇవాళ నేను విమానం మొత్తం గురించి మాట్లాడటం లేదు. రెండు ప్లైవుడ్ పలకలు కలిసే లోపలి మూలలో ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) ముద్ద పెట్టి గుండ్రంగా దిద్దుతాం కదా, ఆ ఫిల్లెట్ గురించే మాట్లాడతాను. పూర్తయిన ఫిల్లెట్‌ని చూసి అది పట్టిందో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. నున్నగా, నిగనిగలాడుతూ ఉన్నది వేలితో లాగితే ఊడి రావచ్చు. గరుకుగా, వంకరగా ఉన్నది చెక్కని చీల్చుకుని తప్ప రాకపోవచ్చు. ఆ తేడా అంతా ముద్ద పెట్టకముందు చెక్క మీద చేసిన పనిలోనే తేలిపోతుంది. నేను ఇక్కడికి వచ్చింది ఆ ముందు పని గురించి చెప్పడానికే.

చెక్క విమానానికీ ఈ ఊరికీ సంబంధం ఏమిటని ఎవరికైనా అనిపిస్తే, ఒక సంగతి చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన నడిపిన మాస్కిటో విమానం దాదాపు అంతా చెక్కే. బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా చెక్క, రెక్క పొడవునా బలం మోసే దూలాలైన స్పార్లకు స్ప్రూస్ చెక్క. 1940 నవంబరులో మొదటిసారి ఎగిరింది. 1944లో మన యెలహంకలో, పక్కనే కోలారులో మాస్కిటో మీద శిక్షణ నడిచింది. అదే ఏడాది చివర్లో భారత, బర్మా రంగంలో కొన్ని మాస్కిటోలు గాలిలోనే విరిగిపోయాయి. తనిఖీల కోసం విమానాలను నేలకు దించేశారు. మన ఎండకీ వానకీ చెక్క ఉబ్బి, కుంచించుకుపోయిందని కొందరన్నారు. ఫ్యాక్టరీలో రెక్క పైపలక, స్పార్ సరిగ్గా ఆనకుండానే అతికించారని, జిగురు పట్టాల్సిన చోట పట్టలేదని దర్యాప్తులో మరికొందరు తేల్చారు. నన్నడిగితే ఈ రెండూ ఒకదానికొకటి తోడయ్యాయనే అంటాను. సరిగ్గా ఆనని అతుకు చల్లటి దేశంలో కొన్నేళ్లు నెట్టుకొస్తుందేమో గానీ, మన రుతుపవనాల్లో దాని గుట్టు బయటపడుతుంది.

అప్పటి జిగుర్లు మొదట్లో పాల నుంచి తీసిన కేసీన్, తర్వాత యూరియా ఫార్మాల్డిహైడ్. ఇప్పుడు మన చేతిలో ఎపాక్సీ ఉంది. రిసార్సినాల్ లాంటి పాతకాలపు జిగుర్లకు అతుకు సందు లేకుండా ఉండాలి, గట్టి క్లాంపు ఒత్తిడి కావాలి. ఎపాక్సీకి అంత ఒత్తిడి అక్కర్లేదు, కాస్త సందున్నా నింపుకుంటుంది. అసలు మూలలో ముద్దలా పెట్టి బలం రాబట్టడం సాధ్యమైంది కూడా అందుకే. ఈ పద్ధతి ముందు పడవల్లో పెరిగింది. 1963లో ఇంగ్లండులో వచ్చిన మిర్రర్ అనే చిన్న పడవకి ప్లైవుడ్ పలకల్ని రాగితీగతో కుట్టి, అతుకుల మీద ఫైబర్‌గ్లాస్ టేపుని గట్టిపడే ద్రవమైన రెజిన్‌తో అంటించేవారు. తర్వాత ఎపాక్సీ రావడంతో ఫిల్లెట్ పద్ధతి ఇళ్లలో విమానాలు కట్టుకునేవారి దాకా వచ్చింది.

ఇక ఫిల్లెట్ చేసే పనేమిటో చూద్దాం. 1.5 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బల్క్‌హెడ్ (విమానం లోపలి అడ్డు పలక) అంచు, ఫ్యూజిలాజ్ (విమానం ఒళ్లు) పక్క పలకకి నిలువుగా ఆనిందనుకోండి. అతుకు వెడల్పు ఆ 1.5 మిల్లీమీటర్లే. పలకని పక్కకి వంచితే బలమంతా ఆ సన్నటి గీత మీద పడి, ఒక కొస నుంచి ఒలుచుకుంటూ పోతుంది. ఏ జిగురుకైనా ఈ ఒలిచే బలం అంటేనే కష్టం. రెండు పక్కలా 12 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఫిల్లెట్ వేస్తే, అతుకు దాదాపు 25 మిల్లీమీటర్ల వెడల్పుకి పరుచుకుంటుంది. మూలలో ఒక్కచోట పోగుపడే ఒత్తిడి ఆ వంపు వెంట సర్దుకుంటుంది.

అలాగని పెద్దది వేస్తే మంచిదేగా అనుకోకండి. ఇక్కడ చిన్న లెక్క ఉంది. లంబకోణం మూలలో ఫిల్లెట్ అడ్డుకోత వైశాల్యం అంటే వ్యాసార్ధం వర్గాన్ని 0.215తో గుణించడమే. 6 మిల్లీమీటర్ల ఫిల్లెట్ మీటరు పొడవుకి సుమారు 9 గ్రాములు తూగుతుంది. 12 మిల్లీమీటర్లదైతే 35 గ్రాములు. 25 మిల్లీమీటర్లదైతే 150 గ్రాములు. వ్యాసార్ధం రెట్టింపు చేస్తే బరువు నాలుగింతలవుతుంది. ఒక చిన్న విమానంలో 40 మీటర్ల మూలలు ఉన్నాయనుకుంటే, 6 మిల్లీమీటర్లకి మొత్తం 350 గ్రాములు, 25 మిల్లీమీటర్లకి 6 కిలోలు. ఆ 6 కిలోలు మీరు టేకాఫ్ అయిన ప్రతిసారీ మోయాల్సిందే.

ఇంకో లెక్క కూడా వేసి చూడండి. 12 మిల్లీమీటర్ల త్రికోణపు స్ప్రూస్ పుల్ల, అంటే పాతకాలపు కార్నర్ బ్లాక్, మీటరుకి 31 గ్రాములు. ఫిల్లెట్‌కీ దానికీ బరువులో పెద్ద తేడా లేదు. అతుకు వెడల్పూ అంతే. మరి ఫిల్లెట్ ఎందుకు? మూల తిన్నగా, కోణం మారకుండా ఉన్నచోట నేనైతే స్ప్రూస్ పుల్లే పెడతాను. ముక్కు దగ్గర, తోక దగ్గర, పలక వంపు తిరిగి కోణం అంగుళానికో రకంగా మారే చోట పుల్లని చిత్రిక పట్టి సరిపెట్టడం మహా కష్టం. ఆ మూల ఎలా ఉంటే అలా ఒదిగిపోవడం ఫిల్లెట్‌కే చేతనవుతుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: డ్రాయింగులో డిజైనర్ కార్నర్ బ్లాక్ చూపించిన చోట, ఆయన ఒప్పుకోకుండా మనంతట మనం ఫిల్లెట్‌తో సరిపెట్టకూడదు.

సరే, రెజిన్. ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల ఫైబర్‌గ్లాస్ సామాను దుకాణంలో రెజిన్ అని అడిగితే మామూలుగా ఇచ్చేది పాలియెస్టర్. అది చెక్కకి సరిగ్గా పట్టదు. విమానంలో అతుకుకి అది పనికిరాదు. అలాగే ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ కూడా వద్దు, వేడికీ తేమకీ తట్టుకోదు. ఇళ్లలో విమానాలు కట్టేవారు ఎక్కువగా వాడేవి టీ-88, వెస్ట్ సిస్టమ్ లాంటి ఎపాక్సీలు.

కొలత విషయంలో చాలామంది బోల్తా పడతారు. టీ-88కి రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఘనపరిమాణంలో సగం సగం. అదే తూచి కలిపితే 100కి 83. హార్డెనర్ తేలిక కాబట్టి. డబ్బా మీద 1:1 అని చూసి తక్కెడలో చెరో 50 గ్రాములు వేశారనుకోండి, హార్డెనర్ 20 శాతం ఎక్కువైపోయింది. పాలియెస్టర్‌లో దాన్ని గట్టిపరిచే క్యాటలిస్ట్ నాలుగు చుక్కలు ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుంది. ఆ అలవాటుతో ఎపాక్సీకి వస్తే మోసపోతాం. ఎపాక్సీలో హార్డెనర్‌లోని ప్రతి అణువుకీ రెజిన్‌లో జత దొరకాలి. మిగిలిపోయిన హార్డెనర్ మెత్తగా, జిడ్డుగా లోపలే ఉండిపోతుంది. 0.1 గ్రాము వరకు చూపించే తక్కెడ కొనుక్కోండి. కలిపేటప్పుడు కప్పు అంచులు, అడుగు గీకుతూ రెండు నిమిషాలు నింపాదిగా కలపండి.

ఇప్పుడు అసలు సంగతి, చెక్క. ప్లైవుడ్‌ని వేడి ప్రెస్సులో నొక్కి తయారుచేస్తారు. ఆ వేడికి పైపొర నునుపెక్కి ఒకరకంగా మూసుకుపోతుంది. దాని మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క పూసలా నిలబడితే ఎపాక్సీ కూడా అలాగే నిలబడుతుంది. పరుచుకుని లోపలికి ఇంకితే మంచిది. నిలబడిన చోట 80 నంబరు శాండ్ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దాలి. నొక్కిపట్టి పైపొర పోగొట్టుకోకూడదు సుమా, 1.5 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో పైపొర అరమిల్లీమీటరే. రుద్దాక దుమ్ము వాక్యూమ్‌తో లాగండి. కంప్రెసర్ గాలితో ఊదకండి, ఆ గాలిలో కంటికి కనిపించని నూనె ఉంటుంది.

తర్వాత ప్లైవుడ్ కోసిన అంచు. అక్కడ చెక్క నాళాల నోళ్లు తెరుచుకుని ఉంటాయి. ఎపాక్సీలో పొడి కలిపి చేసిన చిక్కటి ముద్ద నేరుగా అక్కడ పెడితే, చెక్క ముద్దలోని రెజిన్‌ని మాత్రం పీల్చుకుని, పొడిని బయట వదిలేస్తుంది. అతుకు దగ్గర జిగురు లేని పొడి మిగులుతుంది. పైకి చూస్తే ఫిల్లెట్ అందంగానే ఉంటుంది. అందుకని ముందు పొడి కలపని పలచటి ఎపాక్సీని కుంచెతో అంచుకీ, రెండు పలకలకీ, ఫిల్లెట్ ఎంత వెడల్పు వస్తుందో అంతకంటే కాస్త ఎక్కువ మేర పూయాలి. పది, పదిహేను నిమిషాలు ఆగి చూడండి. ఎక్కడ మెరుపు పోయి చెక్క మళ్లీ పొడిగా కనిపిస్తుందో అక్కడ ఇంకా తాగుతోందన్నమాట. ఇంకోసారి పూయండి. తాగడం ఆగాకే ముద్ద.

ఈ పూత ఎప్పుడు వేస్తున్నామన్నది కూడా ముఖ్యం. బెంగళూరులో పొద్దున చల్లగా ఉండి మధ్యాహ్నానికి వేడెక్కుతుంది. చెక్క వేడెక్కుతుంటే దానిలోని గాలి వ్యాకోచించి బయటికి వస్తూ, పూతలో బుడగలు లేపుతుంది. అదే సాయంత్రం నాలుగు దాటాక, చెక్క చల్లబడుతున్న సమయంలో పూస్తే, లోపలి గాలి కుంచించుకుని ఎపాక్సీని లోపలికి లాక్కుంటుంది. పని అదే, జిగురు అదే, వేళ మార్చితే చాలు.

ముద్ద కలపడానికి వద్దాం. పొడులన్నీ ఒకటి కాదు. మైక్రోబెలూన్లు, అంటే సన్నటి బోలు గోళీల పొడి, తేలిక, గీకడం సులువు, బలం మాత్రం తక్కువ. పైకి నునుపు చేసుకోవడానికే అవి. బలం మోసే ఫిల్లెట్‌కి సన్నటి నూలుపీచు గానీ, మెత్తటి చెక్కపిండి గానీ వాడి, జారకుండా ఉండటానికి కొంచెం సిలికా పొడి కలుపుతాం. వడ్రంగి దుకాణంలో రంపం కింద రాలిన పొట్టు చెక్కపిండి కాదు. అది ముతక, తేమతో ఉంటుంది, మెషీన్ నూనె కలిసి ఉంటుంది. రెజిన్, హార్డెనర్ పూర్తిగా కలిశాకే పొడి వేయాలి. ఎంత చిక్కగా అంటే, గారెల పిండి చేతిలో నిలబడినట్టు, పుల్లతో పైకి లాగితే కొస వంగకుండా నిలబడాలి. సిలికా, పీచు గాలిలోకి లేస్తాయి, మాస్కు లేకుండా ఆ డబ్బాల మూత తీయకండి. చేతికి నైట్రైల్ గ్లవ్స్. చర్మానికి అంటితే సబ్బు నీళ్లతో కడగండి, థిన్నర్‌తో తుడిస్తే ఇంకా లోపలికి పోతుంది. ఎపాక్సీ ఒక్కసారి పడకపోవడం మొదలైతే ఇక జీవితాంతం పడదు.

కలిపిన ముద్దని కప్పులో వదిలేయకండి. ఎపాక్సీ గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడి ఇంకా త్వరగా గట్టిపరుస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం లోతైన కప్పులో ఉంటే చూస్తుండగానే పొగలు కక్కుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే మనకున్న సమయం దాదాపు సగమవుతుంది. కాబట్టి కొద్ది కొద్దిగా కలిపి, వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, లేదా వెంటనే జిప్‌లాక్ కవరులోకి ఎత్తి పని మొదలెట్టండి. కవరు మూల కత్తిరించి, మూల వెంట ఒకే ధారగా పిండాలి. ఆగి ఆగి పిండితే ఆగిన ప్రతిచోటా గాలి చిక్కుతుంది.

ఇదిగో ఈ ముక్క మీ వైపు పంపుతున్నాను, ఒకరి తర్వాత ఒకరు చూడండి. మా షెడ్డులో ఒక మిత్రుడు వేసిన ఫిల్లెట్‌ని సన్న రంపంతో అడ్డంగా కోశాం. పైవంపు చూడండి, అద్దంలా ఉంది. ఇప్పుడు కోసిన ముఖం చూడండి. సరిగ్గా రెండు పలకలు కలిసే మొనలో పెసరగింజంత ఖాళీ ఉంది. ముద్ద పైనే వంపు తిరిగి కూర్చుంది, మొనలోకి దిగలేదు. అందుకే ముందు సన్నటి పుల్లతో కొంచెం ముద్దని మొనలోకి నూకి, ఆ తర్వాతే మిగతాది పిండాలి. అప్పుడు వంపు దిద్దే పనిముట్టు. నేను పాత ఏటీఎం కార్డు మూలని కావలసిన వ్యాసార్ధానికి కత్తిరించి వాడతాను. దాన్ని పలకలకి కాస్త వాలుగా పట్టుకుని, ఒక్క లాగులో చివరిదాకా తీసుకెళ్లాలి. పక్కలకి పొంగిన అదనపు ముద్దని చెక్కతో చేసిన ఉలితో అప్పుడే ఎత్తేయాలి. గట్టిపడ్డాక దాన్ని గీకబోతే ప్లైవుడ్ పైపొర లేచిపోతుంది.

ఫిల్లెట్ మీద గ్లాస్ టేపు వేయాలని డ్రాయింగులో ఉంటే, ముద్ద ఇంకా మెత్తగా ఉండగానే వేయడం అన్నిటికంటే మేలు. రెండూ కలిసి ఒకే వస్తువుగా గట్టిపడతాయి. మర్నాటికి వాయిదా వేశారా, ఒక మెట్టు అదనం. గాలిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు హార్డెనర్‌లోని ఎమీన్ అనే రసాయనంతో కలిసి ఎపాక్సీ మీద మైనంలాంటి పలచటి పొర కడతాయి. జులై, ఆగస్టుల్లో ఇది మరీ ఎక్కువ. దాని మీద ఏదీ పట్టదు. ముందు మామూలు నీళ్లతో, గిన్నెలు తోమే పీచుతో కడిగి, ఆరాక శాండ్ పేపర్ పట్టాలి. కడగకుండా రుద్దితే ఆ మైనాన్ని గీతల్లోకి ఇంకా దట్టంగా కూరినట్టే.

మరి లోపల పట్టిందో లేదో చూసి చెప్పలేమన్నాను కదా, ఎలా తెలుస్తుంది? ప్రతిసారీ కలిపిన ముద్దతోనే, అదే ప్లైవుడ్ తునకలతో 10 సెంటీమీటర్ల ‘టీ’ అతుకు ఒకటి పక్కన వేసి, తేదీ రాసిపెట్టండి. వారం రోజులు గట్టిపడనిచ్చి, దాన్ని వైస్‌లో బిగించి విరవండి. విరిగిన చోట చెక్క నార ఫిల్లెట్‌కి అంటుకుని రావాలి. నిగనిగలాడే ఎపాక్సీ ముఖం శుభ్రంగా ఊడి వచ్చిందంటే ఆ రోజు విమానంలో వేసిన ఫిల్లెట్లన్నీ అనుమానించాల్సిందే. ఊడదీసి మళ్లీ వేయండి. బాధగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఆ తునక అబద్ధం చెప్పదు. ముద్ద వేయకముందు మూల ఫొటో కూడా తీసిపెట్టుకోండి. పైపలక మూసేశాక తనిఖీకి వచ్చినవారికి చూపించడానికి ఇంకేమీ ఉండదు.

నీటి దారి మర్చిపోవద్దు. ఫిల్లెట్ వేస్తూ వేస్తూ బల్క్‌హెడ్ అడుగున ఉన్న నీళ్లు పోయే కన్నాన్ని కూడా నింపేస్తుంటారు. జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌లో ఆరుబయట నిలిపిన విమానంలోకి వానాకాలంలో నీళ్లు ఎలాగైనా చేరతాయి. పోయే దారి లేకపోతే చెక్క అక్కడే కుళ్లుతుంది. ముద్ద పెట్టేముందు ఆ కన్నంలో మైనం రాసిన పుల్ల ఒకటి గుచ్చి, తర్వాత లాగేయండి.

ఇక ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న: మైసూరు రోడ్డు టింబర్ యార్డుల్లో ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ దొరుకుతుంది. అది వాడొచ్చా?

ఫిల్లెట్ అభ్యాసానికి, తునకల పరీక్షకి వాడండి, చాలా మంచిది. విమానంలో వద్దు. దాని జిగురు నీటికి తట్టుకునేదే, అందులో సందేహం లేదు. కానీ బరువైన గట్టి చెక్కలతో చేస్తారు, విమానానికి కావలసినంత పలచగా దొరకదు, లోపలి పొరల్లో సందులు లేవని విమాన ప్లైవుడ్‌కి ఇచ్చే భరోసా దానికి లేదు. డిజైనర్ ఏ ప్రమాణం అడిగితే అదే తెప్పించుకోవాలి. ఆలస్యమైనా సరే, ఖర్చయినా సరే.

ప్రశ్న: ఎండలో ఎపాక్సీ మెత్తబడుతుందంటారు, నిజమేనా?

నిజమే. మామూలు గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ వేడెక్కేకొద్దీ బలం కోల్పోతుంది. ముదురు రంగు వేసిన రెక్క ఎండలో నిలబడితే పైపలక వేడి 80 డిగ్రీల దాకా పోగలదు. తెల్లరంగు వేస్తే చాలావరకు దిగుతుంది. పీచుని రెజిన్‌తో కలిపి చేసే కాంపోజిట్ విమానాలు ఎక్కువగా తెల్లగా ఉండటం అందుకే. మన ఎన్ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్) వాళ్లు 1993లో ఎగరేసిన హంస అనే చిన్న విమానం కూడా కాంపోజిటే, దాని ఫొటోలు చూడండి. ఎర్ర విమానం కావాలని ముచ్చటపడితే ఆ ఎరుపు గీతల వరకే ఉంచుకోండి.

ప్రశ్న: మేం చెన్నైలో మొదలుపెట్టాం సార్. సముద్రం దగ్గర ఇల్లు. ఇంత తేమలో ఈ పని అవుతుందా?

అవుతుంది, గదిని సిద్ధం చేసుకుంటే. గాలిలో తేమ 65 శాతం దగ్గర ఉంటే చెక్కలో తేమ 12 శాతం దగ్గర కుదురుకుంటుంది. 80 శాతం ఉంటే 16 దాకా పోతుంది. అతికించేటప్పుడు చెక్కలో 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ చెబుతుంది. చెక్క తేమ కొలిచే మీటరు ఒకటి కొనండి. ఒక చిన్న గదిలో ఏసీ పెట్టి, చెక్కని అతికించే రోజుకి రెండు వారాల ముందే అందులో చేర్చండి. రెజిన్ డబ్బాలు కూడా అదే గదిలో ఉంచండి. చల్లటి డబ్బాని బయటి వేడి గాలిలోకి తెచ్చి మూత తీస్తే, నీటి ఆవిరి దాని మీదే చెమ్మగా కూర్చుంటుంది. ఫిల్లెట్ వేశాక కూడా రాత్రంతా ఏసీ ఆపకండి. కరెంటు పోయే అవకాశం ఉంటే ఆ రోజు పని పెట్టుకోకండి. నవంబరు, డిసెంబరు వానల్లో అతికించే పనులు పక్కన పెట్టి, రెక్కకి ఆకారమిచ్చే రిబ్బులు కోసుకోవడం, మెటల్ ఫిట్టింగులు చేసుకోవడం లాంటివి చూసుకోండి. ఫిబ్రవరి నుంచి మళ్లీ అతుకుల పని మొదలెట్టవచ్చు. మీ మొదటి తునక విరిచినప్పుడు ఫొటో నాకు పంపండి, నార ఎంత అంటుకుని వచ్చిందో కలిసి చూద్దాం.